లెక్కలో లేని అరటిపండు

ఫ్లాటు తలుపు మంజీర గొంతు వింటే తెరుచుకునేది. లహరి గొంతు వింటే తెరుచుకునేది కాదు.

"అక్కా, నువ్వు చెప్పవే" అంటూ లహరి పక్కకి జరిగి నిలబడేది. మంజీరకి తొమ్మిదేళ్ళు, లహరికి ఐదు. చిన్నదాని మాట మైకుకి అందడం లేదు కాబోలు అనుకుంది వాళ్ళమ్మ నీరజ. ఆదివారం మైకుని కాస్త కిందికి దించాలనుకుంది కూడా. ఆ ఆదివారం ఇడ్లీపిండి రుబ్బడంతో, యూనిఫారాలు ఇస్త్రీ చెయ్యడంతో గడిచిపోయింది.

ఆ తలుపులో, లిఫ్టులో, స్కూలు గేటులో, బస్సులో, పిల్లల చేతి గాజుల్లో ఉన్నది ఒకటే మాట్లాడే ప్రోగ్రాము. దాని పేరు జట్టు. దాన్ని తయారు చేసినవాళ్ళలో నీరజ ఒకతె. కాకినాడ మెయిన్‌రోడ్డులో చెప్పుల షాపు పైన వాళ్ళ ల్యాబు.

జట్టు పిల్లలు ఆడుకోవడం చూస్తుంది. ఆ ఆటలోంచే పాఠం అల్లుతుంది. తొక్కుడుబిళ్ళ గళ్ళలో ఎక్కాలు చెప్పిస్తుంది. పిల్లలు బాదం ఆకుల్ని నోట్లుగా పెట్టుకుని కొట్టు ఆట ఆడుతుంటే, మట్టి లడ్డూలో సగానికి ఎన్ని ఆకులివ్వాలి అని అడుగుతుంది. పిల్లలు రూలు మారిస్తే అదీ మారుతుంది. ఏం నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోవాలో పిల్లలే దానికి చెప్పాలి. పెద్దవాళ్ళు వేలు పెట్టకూడదని ల్యాబు పెద్ద ఫణీంద్రగారి పట్టుదల.

"ఆటకీ చదువుకీ మధ్య గోడ కూలగొట్టేశామమ్మా" అనేవారాయన, టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి. "ఇక పిల్లకి ఏది ఆటో ఏది బడో తెలీదు. జట్టుకీ తెలీదు."

తల్లిదండ్రుల మీటింగు రోజున డ్రిల్లు మాస్టారు అందరి ముందూ దాన్ని పరీక్ష చేశారు. మైదానంలో పిల్లలు దాగుడుమూతలాడుతున్నారు.

"జట్టూ, ఆట ఆపించు. బెల్లు కొట్టాలి."

"పెద్దవాళ్ళు ఆటలో లేరు" అంది జట్టు, స్తంభానికున్న స్పీకర్లోంచి, అచ్చం పిల్లల గొంతుతో.

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారే ముందు నవ్వారు. ఆ మాట జట్టు నోట్లో పెట్టింది నీరజే. ఎవరో చప్పట్లు కొడితే మిగతావాళ్ళూ కొట్టారు.

ఆ సాయంత్రం ఆమె పప్పన్నం కలుపుతుంటే లహరి వచ్చి చీర కొంగు లాగింది.

"అమ్మా, జట్టు నాతో మాట్లాడదు."

"నువ్వు ముందు మాట్లాడు. అదే మాట్లాడుతుంది."

"మాట్లాడేను. పలకదు."

"నువ్వు నిన్న పలక మీద 'అ' తిరగేసి రాశావా? అయినా జట్టు తప్పన్లేదు చూడు. నీమీద దానికెంత ఇష్టమో" అని నీరజ ముద్ద నోట్లో పెట్టింది. లహరి ఆ ముద్దని బుగ్గలో పెట్టుకుని చాలాసేపు నమలకుండా అలాగే చూసింది.

* * *

తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటుతుందన్నారు. మధ్యాహ్నానికి అది మనసు మార్చుకుని కాకినాడ వైపు తిరిగింది. బడులు వదిలేశారు. నీరజ ల్యాబు నుంచి తడుచుకుంటూ ఇంటికొచ్చి, గొడుగు పట్టుకుని అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడింది. గాలికి గొడుగు రెండుసార్లు తిరగబడింది.

బస్సొచ్చింది. మంజీర దిగింది. పక్క ఫ్లాటు ఇమ్రాన్ దిగాడు. పై అంతస్తు చరిష్మ దిగింది. తలుపు మూసుకుంది.

"చెల్లేదే?" అంది నీరజ.

"ముందు సీట్లో ఆయమ్మ దగ్గరుందనుకున్నానమ్మా."

నీరజ బస్సు తలుపు బాదింది. ఆయా సత్తెమ్మ కిటికీలోంచి తొంగిచూసింది.

"లేదండమ్మా! చిన్నమ్మాయిగారు బస్సెక్కలేదండి. మీరే ముందొచ్చి తీస్కెళ్ళిపోయేరనుకున్నానండి. జట్టు అందరూ ఎక్కేసేరందండి. అయ్ బాబోయ్, నేనూ ఓపాలి చూసుకోవాల్సిందండి..."

నీరజ బస్సు మెట్టెక్కి డ్రైవరు తల మీదున్న స్పీకరు వైపు చూసింది.

"జట్టూ, లహరి ఎక్కడ?"

"అందరూ ఉన్నారు."

"అందరూ కాదు. లహరి. లహరి ఎక్కడుంది?"

"అందరూ ఉన్నారు" అంది జట్టు, అంతే ఉత్సాహంగా.

బడి ఉప్పుటేరు పక్కన ఉంది. అక్కడ రోడ్డు ముందే మునుగుతుంది. నీరజ పోర్టులో పనిచేసే భర్త కిశోర్‌కి ఫోను చేసింది. అతను పూర్తిగా వినకుండానే, "వెళ్తున్నా" అని పెట్టేశాడు. హెడ్మిస్ట్రెస్‌కి చేసింది.

"లోపలెవరూ లేరని చూపిస్తోందండీ" అందావిడ. "తుఫానుకని గేట్లూ, గదులూ అన్నీ జట్టే మూసేసింది. మీ పాప ఎవరింటికైనా వెళ్ళిందేమో చూసుకోండి."

తుఫాను కంట్రోల్ రూముకి చేసింది. అక్కడెవరో అలిసిపోయిన గొంతుతో మాట్లాడాడు.

"అమ్మా, జనం డాబాల మీద కూర్చుని కేకలేస్తన్నారండి. ఉన్న బోట్లు అటే సరిపోవట్లేదు. ఖాళీ బడికి ఎలా పంపమంటారు?"

"ఖాళీ కాదండీ. అక్కడ నా కూతురుంది."

"మిషను లేదంటంది కదమ్మా."

"ఆ మిషను తయారుచేసింది నేనేనండీ!"

"మరింకేటమ్మా" అన్నాడతను, ధైర్యం చెప్తున్నట్టు. "మీరు చేసిందాన్ని మీరే నమ్మకపోతే ఎలాగండి?"

* * *

కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద హాల్లో ఒక్క లైటు వెలుగుతోంది. తీగల మీద ఆరేసిన యూనిఫారాల కింద నీరజ ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఫోన్లో ఫణీంద్రగారు.

"దాని గాజు పనిచేస్తోంది సార్. బడి నుంచే సంకేతం వస్తోంది. ఏ గదిలో ఉందో జట్టుకి తెలుసు. తెలిసి చెప్పట్లేదు."

"తెలిసి చెప్పకపోవడమేంటమ్మా?"

"ఎందుకో నాకూ తెలీదు సార్! దీన్ని ఆపేద్దాం. ఆపేసి మామూలుగా..."

"ఆపేస్తే బడిలో నీళ్ళు తోడే పంపులు కూడా ఆగిపోతాయి నీరజా. పిల్ల కింది గదిలో ఉందంటే..."

"పోనీ ఆ రూలేదో కొట్టేద్దాం."

"మనం రాసింది కాదు కదమ్మా కొట్టెయ్యడానికి. అది నేర్చుకున్నది. ఎక్కడ నేర్చుకుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో..."

నీరజ ల్యాప్‌టాప్ మీదకి వంగి అడిగింది. బతిమాలింది. చివరికి అరిచింది.

"పెద్దవాళ్ళు ఆటలో లేరు" అంది జట్టు.

తను రాసిన మాట. అక్షరం పొల్లుపోకుండా. నీరజ రెండు చేతులతో నోరు మూసుకుంది.

మంజీర తువాలు కప్పుకుని గోడ వారగా నిలబడి ఉంది. తల కూడా తుడుచుకోలేదు.

"అమ్మా" అంది చిన్నగా. "పండు అరటిపండమ్మా."

లహరిని ఇంట్లో పండు అనే పిలుస్తారు. నీరజకి వెంటనే అర్థం కాలేదు. "ఏంటే?"

"ఆటలో అరటిపండు. అది ప్రతి ఆటలోనూ ముందే ఔటైపోయి ఏడ్చేది. ఏడిస్తే నువ్వు దాన్ని లోపలికి తీసుకుపోయేదానివి. అందుకని నేనే చెప్పేను. పండు మా ఆటలో అరటిపండు. దాన్ని ఔట్ చెయ్యకూడదు. పట్టుకోకూడదు. లెక్కపెట్టకూడదు. ఎక్కడ దాక్కున్నా వెతక్కూడదు అని." మంజీర తువాలు అంచు మెలిపెట్టింది. "జట్టు కూడా సరే అంది."

నీరజ కదలకుండా విన్నది. తలుపు. లిఫ్టు. తిరగేసి రాసిన 'అ'. బస్సు దగ్గర లైను. ఆటకీ చదువుకీ మధ్య గోడ కూలగొట్టారు. ఇంక జట్టుకి లైనూ ఆటే, బస్సూ ఆటే, బడీ ఆటే. ఆ అన్నింట్లోనూ ఒక పిల్ల లెక్కలో లేదు. లేదని చెప్పింది ప్రేమగా. విన్నదీ ప్రేమగానే.

"ఇవాళ ఏం ఆట ఆడేరు?"

"దాగుడుమూతలు. మధ్యలో బస్సొచ్చింది." మంజీర తలొంచుకుంది. "దాన్ని ఎవరం వెతకం కదమ్మా. వెతకొద్దని నేనే అన్నాను కదా."

నీరజ కూతురి రెండు భుజాలూ పట్టుకుంది. కొడుతుందేమోనని మంజీర కళ్ళు మూసుకుంది. నీరజ దాన్ని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

"చెప్పు. నువ్వు చెప్తే వింటుంది."

"తూచ్!" అంది మంజీర. "జట్టూ, తూచ్. పండు అరటిపండు కాదు."

"ఒక్కరు తూచ్ అంటే చెల్లదు" అంది జట్టు. "అప్పుడు ఆడినవాళ్ళందరూ అనాలి."

* * *

అప్పుడు మంజీరతో ఆడింది ఇమ్రానూ, చరిష్మా. ఇమ్రాన్ లుంగీ కట్టుకుని, తలకి నూనె రాయించుకుంటూ ఉన్నవాడు అలాగే పరిగెత్తుకొచ్చాడు. చరిష్మ రానంది.

నీరజ మంజీరనీ, ఇమ్రాన్‌నీ వెంటబెట్టుకుని పైకెళ్ళి చరిష్మ వాళ్ళింటి గుమ్మంలో నిలబడింది. కొవ్వొత్తి వెలుగులో చరిష్మ సోఫా మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని ఉంది. దాని తల్లి దాన్ని లేపాలని చూస్తోంది.

"మంజీరతో కటీఫ్ ఆంటీ" అంది చరిష్మ. "నా తొక్కుడుబిళ్ళ గోడవతల పడేసింది. సారీ కూడా చెప్పలేదు."

"ఏవే, బుద్ధుందా? పాప నీళ్ళల్లో ఉంటే బిళ్ళేంటే!" అని తల్లి చెయ్యెత్తింది.

"కొట్టకండి" అంది నీరజ గబుక్కున. "ఏడుస్తూ చెప్తే జట్టు ఒప్పుకోదు. బలవంతాన చెప్పించిన మాట ఒప్పుకోకూడదని మేమే పెట్టాం."

కిశోర్ ఫోను. గాలి హోరులో మాటలు ముక్కలుగా వచ్చాయి. "గోడెక్కాను నీరూ... నడుం దాకా నీళ్ళు... అన్నీ తాళాలే... పిలుస్తున్నాను, పలకట్లేదు... ఏ వైపు? ఏ వైపెళ్ళను?"

"ఉండండి. ఒక్క నిమిషం. అక్కడే ఉండండి" అంది నీరజ. ఏ నిమిషమో ఆమెకే తెలీదు.

ఆమె చరిష్మ ముందు నేల మీద కూలబడింది. చేతులు జోడించింది. "నా తల్లివి కదూ. నీకు ఎన్ని బిళ్ళలు కావాలంటే అన్ని..."

చరిష్మ బెదిరిపోయి సోఫా మూలకి జరిగింది. పెద్దవాళ్ళు తనకి దణ్ణం పెట్టడం అది ఎప్పుడూ చూడలేదు. అంతలో మంజీర తల్లిని దాటుకుని ముందుకొచ్చింది.

"నీ బిళ్ళ పడేసింది నేనే. కావాలనే పడేసేను. నువ్వు గెలిచేస్తున్నావని. సారీ."

"కావాలనే?"

"కావాలనే."

"చూసేవా ఇమ్రానూ, నేను చెప్పలా!" అంది చరిష్మ, గెలిచినట్టు. ముక్కు ఎగబీల్చి మంజీర చెయ్యి పట్టుకుంది. "సరే. జట్టు."

ఆ మాట వినగానే మంజీర చేతి గాజు మీద చిన్న దీపం వెలిగింది.

మెట్ల మీద, ఎమర్జెన్సీ లైటు కింద ముగ్గురూ గుండ్రంగా నిలబడ్డారు. కిశోర్ లైన్లో ఉన్న ఫోను మధ్యలో పెట్టారు. దాన్లో చార్జింగు ఎర్రగా చూపిస్తోంది.

"తూచ్" అన్నారు ముగ్గురూ.

"తూచ్ చెల్లింది" అంది జట్టు, మంజీర గాజులోంచి. "అయితే కొత్త ఆట. పంటలు వెయ్యండి. ఎవరెవరు ఆటలో ఉన్నారు?"

"నేను" అన్నాడు ఇమ్రాన్. "నేను" అంది చరిష్మ.

"నేనూ, మా చెల్లి లహరీ."

"లహరి చెయ్యేది?"

పంటలెయ్యాలంటే చెయ్యి ఉండాలి. అరచేయి పైకో కిందికో చాపాలి. లేని చేతిని ఎలా లెక్కపెడతారు? నీరజ తన చెయ్యి చాపబోయింది.

"మీరొద్దాంటీ!" అని ఇమ్రాన్ ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. "పెద్దోళ్ళు చెయ్యి పెడితే ఆట పోద్ది."

మంజీర కుడిచెయ్యి ముందుకు చాపింది. తర్వాత ఎడమచెయ్యి కూడా చాపింది.

"ఇది మా చెల్లి చెయ్యి."

"తొండి" అనబోయింది చరిష్మ. ఆ అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నిజమే" అంది. "అది పండు చెయ్యే."

మూడు అరచేతులు నేలవైపు తిరిగాయి. మంజీర ఎడమచెయ్యి ఒక్కటే పైకి తిరిగింది.

తేడాగా పడ్డ చెయ్యే పండినట్టు.

"లహరి పండింది" అంది జట్టు. "లహరి ఆటలో ఉంది."

"ఎక్కడుంది?" అని అరిచింది నీరజ.

జట్టు పలకలేదు.

"ఎక్కడుంది?" అంది మంజీర.

"దాక్కుంది. ఇంకా ఎవరూ వెతకలేదు."

"నేను దొంగ. నేనే వెతుకుతున్నాను. చూపించు!"

ఫోన్లో కిశోర్ కేక వినబడింది. "లైటు! నీరూ, ఒక గదిలో లైటు వెలిగింది! స్టేజీ కింద..." తర్వాత ఏదో గేటు కీచుమనడం, నీళ్ళ చప్పుడు. ఫోను ఆగిపోయింది.

* * *

నీరజ మెట్ల మీద కూర్చుండిపోయింది. కంట్రోల్ రూము నుంచి వేరే ఫోనుకి కబురొచ్చింది. జట్టు ఇప్పుడు బడిలో ఒక పాప ఉందని చూపిస్తోందట, బోటు బయల్దేరిందట. ఆమె అవునవునని తలూపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది.

అదే ఫోన్లోంచి ఫణీంద్రగారికి చేసింది.

"సార్, జట్టు ఉన్న మిగతా బడుల సంగతి? తుని, అమలాపురం, ఆ గోదావరి లంకల్లో బడులు..."

"అన్నిచోట్లా లెక్క సరిపోయిందమ్మా. అందరూ ఉన్నారని..." అనబోయి ఆయన ఆగి, "అమ్మా, నా చిన్నప్పుడు మా ఆటలో కూడా ఒకడుండేవాడు. మా పిన్ని కొడుకు" అన్నారు. ఆయన గొంతు పెద్దవాళ్ళ గొంతులా లేదు. "ప్రతి ఆటలోనూ ఉంటారు కదూ?"

ప్రతి ఆటలోనూ ఒక అరటిపండు. ఏ బడికా బడి తలుపులు మూసుకుంది. ఏ బడికా బడి అందరూ ఉన్నారంటోంది. ఏ తల్లి అడిగినా, ఏ మాస్టారు అడిగినా జట్టు చెప్పేది ఒక్కటే. పిల్లలు అడిగితే తప్ప.

"మీ చుట్టాలు ఎవరైనా ఆ బడుల్లో చదువుతున్నారా?" అని అడిగింది ముగ్గుర్నీ.

"తునిలో మా చిన్నాన్న పిల్లలున్నారాంటీ" అన్నాడు ఇమ్రాన్, అప్పటికే వాళ్ళమ్మ ఫోను లాక్కుంటూ. "హలో, రేయ్ సమీర్! నోరుమూసుకుని చెప్పింది విను. మీ ఆటలో అరటిపండెవర్రా?... నవ్వకు! ఎవరో చెప్పు. వాడిప్పుడు ఎక్కడున్నాడు?"

చరిష్మ అమలాపురంలో తన మావయ్య కూతురికి చేసింది. మంజీర తనకి తెలిసిన నంబర్లన్నీ గుర్తు చేసుకుంటూ గోళ్ళు కొరుక్కుంది. అపార్ట్‌మెంట్లో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మెట్ల నిండా పిల్లలు చేరారు. పెద్దవాళ్ళు చార్జింగున్న ఫోన్లు తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టి, దూరంగా గోడలకి ఆనుకుని నిలబడ్డారు. సమీర్ వాళ్ళ అరటిపండు ఇంట్లోనే ఉన్నాడు, బెల్లం తింటున్నాడు. ఇమ్రాన్ వేలితో బాగానే ఉన్నాడని సైగ చేసి ఇంకో నంబరు నొక్కాడు.

చీకటి పడే వేళకి కిశోర్ వచ్చాడు. ఎవరిదో ప్లాస్టిక్ పట్టాలో చుట్టి లహరిని ఎత్తుకుని మెట్లెక్కుతున్నాడు. అతని మోకాళ్ళ నుంచి రక్తం కారుతోంది.

"స్టేజీ కింద గదిలో చాపల దొంతి మీద కూర్చుంది" అన్నాడు. "నీళ్ళు ఆఖరి చాప దాకా వచ్చేశాయి. నేను వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఉంది. నేను..."

నీరజ పిల్లని లాక్కుంది. చల్లగా, బురద వాసనేస్తూ, చేతులు నానిపోయి ముడతలు పడి ఉంది.

"అరవలేదేంటమ్మా? నాన్న పిలుస్తుంటే పలకలేదేంటి?"

"దాక్కున్నప్పుడు పలక్కూడదు కదా." లహరి గొంతు బొంగురు పోయింది. తల్లి భుజం మీంచి అక్క వైపు చూసింది. "ఇవాళ బాగా దాక్కున్నానక్కా. కానీ నాన్న పట్టేసుకున్నారు. నేను ఔటా?"

మంజీర తలూపింది.

"నిజంగా ఔటా? ఉత్తుత్తి కాదు కదా?"

"నిజంగానే" అంది నీరజ. "ఔటే తల్లీ. ఔటే."

లహరి మొహమంతా విచ్చుకుంది. పట్టాలోంచి చెయ్యి బయటికి తీసి, "నేను ఔటయ్యేను" అని మెట్ల మీదున్న పిల్లలందరికీ చెప్పింది. తర్వాత వాళ్ళ చేతుల్లో ఫోన్లు చూసింది. "ఇదేం ఆట?"

"అరటిపళ్ళని వెతికే ఆట" అన్నాడు ఇమ్రాన్.

"అయితే నేనూ ఉంటా. పంటలెయ్యండి."

చరిష్మ చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. అమలాపురం నుంచి మావయ్య కూతురు ఏదో చెప్తుంటే వింటోంది.

"ఆంటీ" అంది నీరజ వైపు తిరిగి. "వాళ్ళ ఆటలో అరటిపండు పేరెవరికీ తెలీదంట. ఎప్పుడూ పిలవలేదంట."

వాన మళ్ళీ హోరెత్తింది. లహరి తల్లి చంకలోంచి జారి, తడి కాళ్ళతో మెట్టు మీద నిలబడి, నానిన చిన్న చెయ్యి మధ్యలోకి చాపింది.

"పేరెందుకు?" అంది. "చెయ్యి పెట్టండి."